వంట పోటీల్లో కొలతలు కూడా చూపించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

టీవీ వంట పోటీల్లో మార్కులు కొట్టిన వంటకాలను మీ పత్రిక తరచూ అచ్చు వేస్తోంది. ఫొటో బాగుంటుంది. కింద “కప్పు మైదా, నాలుగు గుడ్లు, తగినంత ఉప్పు, బంగారు రంగు వచ్చేదాకా ఓవెన్‌లో ఉంచాలి” అని ఉంటుంది. అది చదివి ఇంట్లో చేసినవాళ్లకు చాలాసార్లు కుదరదు. తమ చేతిలోనే ఏదో లోపం ఉందనుకుని మళ్లీ ఆ జోలికి పోరు. చాలా సందర్భాల్లో వాళ్లను దెబ్బతీసింది పైన చెప్పకుండా వదిలేసిన కొలత, వేడి, సమయం. ఈ మూడూ అటు టీవీలో, ఇటు పత్రికలో కనిపించాలని కోరుతూ, వంట నేర్పే పనిలో ఉన్నవాళ్లం ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఇళ్లలో వండేవాళ్లకు పోటీ పెట్టి టీవీలో చూపించడం కొత్తేమీ కాదు. బీబీసీలో ‘మాస్టర్‌షెఫ్’ 1990లో మొదలైంది. 2005లో దాన్నే కొత్త రూపంలో తెచ్చారు. 2009లో ఆస్ట్రేలియా, 2010లో అమెరికా, భారత్ అందుకున్నాయి. ఇందులో ‘ప్రెషర్ టెస్ట్’ అనే ఘట్టం ఉంది. పేరున్న షెఫ్ చేసిన వంటకాన్ని పోటీదారులు అచ్చం అలాగే చేసి పెట్టాలి. వాళ్ల చేతిలో రెసిపీ కాగితాలు ఉంటాయి. కెమెరా వాటి మీదుగా జారిపోతుందే తప్ప ఇంట్లో కూర్చున్నవాళ్లకు ఒక్క అంకె కూడా చదవడానికి దొరకదు. నేర్చుకోదగ్గ సరుకంతా ఆ కాగితాల్లోనే ఉంది. తెర కింది భాగంలో రెండు వరుసలు వేస్తే సరిపోతుంది.

ముందు గడియారం సంగతి. పోటీలో 60 నిమిషాలిస్తే, సామాను ఏరుకోవడానికి, చివర్లో పళ్లెంలో సర్దడానికి పోను వంటకు మిగిలేది 45 నిమిషాలే. అంతలో పన్నా కోటా (పాలు, క్రీమ్ గడ్డకట్టించి చేసే ఇటలీ తీపి వంటకం) గట్టిపడి పళ్లెంలో నిలబడుతుంది. ఇంటి ఫ్రిజ్‌లో అది జరిగే పని కాదు. పోటీ వంటశాలలో బ్లాస్ట్ చిల్లర్ అనే యంత్రం ఉంటుంది. చల్లటి గాలిని బలంగా తోలి, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న పదార్థాన్ని గంటన్నరలోపు 3 డిగ్రీలకు దించేలా దాన్ని తయారుచేస్తారు. చిన్న గిన్నెల్లో పలచగా పోస్తే ఇంకా త్వరగా చల్లబడుతుంది. ఇంటి ఫ్రిజ్ పని వేరు. ముందే చల్లగా ఉన్నదాన్ని 4 డిగ్రీల దగ్గర నిలబెట్టడం దాని పని. వేడి గిన్నె తెచ్చి పెడితే పక్కనున్న పాలు కూడా వెచ్చబడతాయి.

ఇంట్లో చేసేవాళ్లకు కావలసిన లెక్క ఇది. అర లీటరు పాలు, క్రీమ్ మిశ్రమానికి 6 నుంచి 7 గ్రాముల జెలటిన్ పొడి (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే, గడ్డకట్టించే పదార్థం). దాన్ని 40 మిల్లీలీటర్ల చన్నీళ్లలో చల్లి పది నిమిషాలు నాననివ్వాలి. వేడి నీళ్లలో వేస్తే పైపొర జిగురై లోపల పొడి ఉండలు మిగులుతాయి. పాలు పొగలు వచ్చేదాకా వేడిచేసి, పొయ్యి మీంచి దించాక నానిన జెలటిన్ వేసి కలపాలి. కలిపిన తర్వాత మరిగిస్తే గడ్డకట్టే బలం తగ్గిపోతుంది. గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి కలుపుతూ చల్లార్చి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాలి. గిన్నెలోనే తినేటట్లయితే 4 గంటలు, పళ్లెంలోకి బోర్లించాలంటే 6 గంటలు పడుతుంది. తొందరపడి జెలటిన్ రెట్టింపు చేస్తే తొందరగా గడ్డకడుతుంది గానీ నోట్లో రబ్బరులా సాగుతుంది. జడ్జీ చెంచాతో తట్టి “ఊగడం లేదు” అనేది దీన్నే. ఆ మాట వెనక ఎన్ని గ్రాములు ఎక్కువయ్యాయో చెబితే చూసేవాళ్లకు ఉపయోగం.

ఇక్కడే ఇంకో చిక్కు. పచ్చి అనాస, బొప్పాయి, కివీ ముక్కలు కలిపితే జెలటిన్ ఎంతసేపు పెట్టినా గడ్డకట్టదు. ఆ పళ్లలోని ఎంజైములు ప్రొటీన్‌ను ముక్కలు చేస్తాయి, జెలటిన్ ప్రొటీనే. పండును ముందు ఉడికిస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఆ బాధ తప్పుతుంది. మాంసాహార పదార్థం వద్దనుకునేవాళ్లు అగర్ వాడతారు. అది సముద్రపు నాచు నుంచి వచ్చేది కాబట్టి పచ్చి అనాసతో పేచీ లేదు. అయితే జెలటిన్ బరువుకు సమానంగా వేస్తే ఇటుకలా బిగుస్తుంది, సగంకంటే తక్కువే చాలు. దాన్ని మాత్రం మరిగించి తీరాలి. 40 డిగ్రీల లోపే గడ్డకట్టడం మొదలవుతుంది గనుక ఫ్రిజ్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఐస్‌క్రీమ్ విషయంలోనూ ఇదే కథ. వేడి తగ్గని కస్టర్డ్‌ను యంత్రంలో పోసిన పోటీదారు చివరికి చిక్కటి పాలు వడ్డిస్తారు. మిశ్రమం ముందు 4 డిగ్రీలకు చేరాలి. ఇళ్లలో వాడే రకం యంత్రమైతే దాని గిన్నెను ముందురోజే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి.

పోటీల్లో బాగా భయపెట్టేది షూ పేస్ట్రీ, అంటే లోపల డొల్లగా పొంగే చిన్న బన్నులు. దీని కొలత 250 మిల్లీలీటర్ల నీళ్లు, 100 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు, 150 గ్రాముల మైదా, సుమారు 200 గ్రాముల గుడ్డు సొన. నీళ్లు, వెన్న కలిపి మరిగించి మైదా ఒక్కసారిగా పోసి, ముద్ద గిన్నెను వదిలి అడుగున పలుచటి పొర అంటుకునేదాకా రెండు నిమిషాలు కలపాలి. ఆ రెండు నిమిషాల్లో ఎక్కువ తేమ పోతుంది. అది పోకపోతే ముద్ద తర్వాత గుడ్డును పీల్చుకోలేదు, బన్నులు పళ్లెం మీద పరుచుకుంటాయి. ముద్ద కాస్త చల్లారాకే గుడ్డు వేయాలి, లేకపోతే సొన ఉడికి తునకలవుతుంది. గుడ్డును కొద్దికొద్దిగా పోస్తూ, గరిటె ఎత్తినప్పుడు ముద్ద విరిగిపడకుండా త్రికోణంలా వేలాడగానే ఆపేయాలి.

ఇక్కడే “నాలుగు గుడ్లు” అనే మాట ముంచుతుంది. పెంకు తీసిన గుడ్డు ఒకటి 45 గ్రాములు ఉండొచ్చు, 55 కూడా ఉండొచ్చు. నాలుగింటికి తేడా 40 గ్రాములు. ఈ ముద్దకు 40 గ్రాములంటే నిలబడటానికీ జారిపోవడానికీ మధ్య ఉన్న దూరమంత. కప్పు మైదా సంగతీ అంతే. చెంచాతో వదులుగా నింపితే 120 గ్రాములు, అదిమి నింపితే 150 దాకా పడుతుంది.

ఓవెన్ 200 డిగ్రీలకు వేడెక్కాకే పళ్లెం లోపల పెట్టాలి. 15 నిమిషాల తర్వాత 170కి తగ్గించి మరో 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. బన్నును పొంగించేది లోపలి ఆవిరే. పైపెంకు గట్టిపడకముందు తలుపు తీస్తే ఆవిరి చల్లబడి పొంగు కూలిపోతుంది, మళ్లీ లేవదు. పోటీదారు ఓవెన్ ముందు గొంతుక్కూర్చుని తలుపు తీసి చూసే దృశ్యం టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో! ఆ దృశ్యం మీద ఉత్కంఠ సంగీతం వేస్తారు. దానితోపాటు “మొదటి 20 నిమిషాలు తలుపు తీయకూడదు” అన్న ఒక్క వాక్యం వేస్తే ఎన్ని ఇళ్లలో వెన్న, గుడ్లు దండగ కాకుండా ఉంటాయి!

జడ్జీల మాటల గురించి. “ఉప్పు చాల్లేదు” అన్నది తరచూ వినిపించే తీర్పు. చూసేవాళ్లు ఆ వంటకం రుచి చూడలేరు కాబట్టి అంకె కావాలి. పులుసు, సూపు వంటివాటికి మొత్తం బరువులో 0.8 నుంచి 1 శాతం ఉప్పు సాధారణ కొలత, అంటే కిలోకు 8 నుంచి 10 గ్రాములు. సన్న ఉప్పు ఒక టీస్పూను 6 గ్రాముల దాకా తూగుతుంది, గరుకు ఉప్పు అంతకంటే తక్కువ. మరిగి సగమయ్యే సాసుకు మొదట్లోనే సరిపడా ఉప్పు వేస్తే చివరికి నోట పెట్టలేం.

“వేగలేదు, ఉడికింది” అన్నది రెండో తీర్పు. మాంసం పైన ఎర్రటి రంగు, కమ్మటి వాసన రావాలంటే పైభాగం దాదాపు 140 డిగ్రీలు దాటాలి. పెనం కిక్కిరిసి ఉంటే ముక్కల్లోంచి ఊరిన నీరు ఆవిరై పోయే దారి ఉండదు, నీరున్నంతసేపు వేడి 100 దాటదు. ముక్కలను తుడిచి, రెండేసి వేళ్ల ఎడంతో రెండు విడతలుగా వేస్తే సరిపోతుంది. టీవీలో ఈ తప్పు కళ్లముందు జరుగుతున్నా ఎవరూ నోరు విప్పరు. పైన మాడి లోపల పచ్చిగా ఉండటం మరో ముచ్చట. కోడిమాంసం ఉడికిందో లేదో రంగు చూసి నమ్మడానికి లేదు. మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీలు చూపించాలి. వంట పోటీల్లో థర్మామీటర్ వాడకాన్ని దగ్గరగా చూపించడం ప్రజారోగ్యానికి కూడా మేలు.

పాల్గొనాలనుకునే మీ పాఠకులకు ఒక మాట. కొన్ని పోటీల తొలి ఎంపికకు ఇంట్లో వండిన వంటకాన్నే తీసుకెళ్లాలి. అక్కడ పొయ్యి ఉండదు, పళ్లెంలో సర్దడానికి కొద్ది నిమిషాలే ఇస్తారు. కాబట్టి గది వేడిలోనూ రుచి తగ్గని వంటకాన్ని ఎంచుకోవాలి. కరకరలాడాల్సిన ముక్కను పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టి మూత వేయాలి, లేకపోతే దాని ఆవిరే దాన్ని మెత్తబరుస్తుంది. సాసు, ఆకులు, కరకరలాడేవి మూడు వేరు డబ్బాల్లో ఉండాలి. మాంసం, పాలు, గుడ్డు ఉన్నవి 5 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటలకు మించి ఉండకూడదు. వరుసలో ఎంతసేపు నిలబడాలో ముందు తెలియదు కనుక ఐసు ప్యాకులున్న సంచి తప్పనిసరి. రిసొట్టో (రసంలో జారుగా వండే ఇటలీ అన్నం) లాంటివి వద్దు. అన్నం రసాన్ని పీల్చుకుంటూనే ఉంటుంది, పది నిమిషాలకే ముద్ద కడుతుంది. చిత్రీకరణలో రుచి చూసేదాకా పళ్లెం ఆగాల్సి వస్తే పొయ్యి ఉన్న వంటశాలలోనూ ఇదే ఇబ్బంది.

మీ పత్రిక వరకు మేం కోరేది చిన్నదే. పోటీ వంటకం అచ్చు వేసినప్పుడు పిండి, గుడ్డు, చక్కెర గ్రాముల్లో ఇవ్వండి. ఓవెన్ వేడి, సమయంతోపాటు వాడిన అచ్చు వెడల్పు, లోతు కూడా రాయండి. ఒకే చాక్లెట్ కేకు పిండి చిన్న గిన్నెల్లో 12 నిమిషాల్లో అయితే పెద్ద పళ్లెంలో అరగంట దాటుతుంది. బ్లాస్ట్ చిల్లర్ వాడి ఉంటే ఆ సంగతి రాసి, ఇంటి ఫ్రిజ్‌లో ఎన్ని గంటలు పడుతుందో పక్కనే వేయండి. ఆ పోటీలో అదే వంటకం చెడగొట్టుకున్నవాళ్లు ఉంటే, ఎందుకు చెడిందో రెండు వాక్యాలు చేర్చండి. విజేత ఫొటోను ఒక అంగుళం తగ్గిస్తే వాటికి చోటు దొరుకుతుంది.

ఇట్లు,
వంట నేర్పే పనిలో ఉన్న కొందరు పాఠకులు