స్టీల్ గ్లాసులో చాయ్ ఇవ్వకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

జనవరి 30 కుష్ఠు నివారణ దినం కదా, ఆ మర్నాడు మీ జిల్లా పేజీలో ఓ ఫొటో వేశారు. కుష్ఠు ఆశ్రమంలో దుప్పట్లు పంచుతున్న యూత్ బ్యాచ్, మధ్యలో దుప్పటి పట్టుకుని ఒక ముసలామె, చుట్టూ ఉన్నోళ్లంతా ఆమెని వదిలేసి కెమెరా వైపే చూస్తున్నారు. ఆ ఫొటోలో నేను లేను కానీ అచ్చం అలాంటిదే మూడేళ్ల కిందట నాదీ ఉంది, వాట్సాప్ డీపీగా కూడా పెట్టుకున్నా, అందుకే ఈ లెటర్.

మా చర్చి యూత్ తరఫున మిషన్ ట్రిప్ అని నాలుగు రోజులు ఒక ఆశ్రమానికి వెళ్లాం. ఊరి పేరు రాయను, వాళ్ల తప్పేం లేదు, తప్పంతా మాదే. 22 మందిమి, ఒక గిటార్, సౌండ్ బాక్సులు, దుప్పట్లు, బిస్కెట్ డబ్బాలు. వెళ్లేముందు ఒక్కసారి ఫోన్ చేసి మీకేం కావాలండీ అని అడిగిన పాపాన పోలేదు. తీరా వెళ్తే వాళ్ల బీరువా నిండా దుప్పట్లే, ప్రతి జనవరికీ వచ్చేవి అవే కదా మరి.

మొదటిరోజు సాయంత్రం చాయ్ డ్యూటీ నాది. స్టీల్ గ్లాసులో పొగలు కక్కే చాయ్ పోసి ఒక పెద్దమ్మ చేతిలో పెట్టా. ఆమె వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి, రెండు అరచేతుల మధ్య గ్లాసు గట్టిగా ఒత్తి పట్టుకుని, యాడికెళ్లి వచ్చినవ్ బిడ్డా, పెండ్లయిందా అని నవ్వుకుంటూ మాట్లాడుతోంది. నేనేమో అదే గ్లాసుని చున్నీ అంచుతో పట్టుకుని తెచ్చినదాన్ని, అయినా బుర్రకి తట్టలేదు. పొద్దున చూస్తే ఆమె అరచేతిలో రూపాయి బిళ్లంత నీటి బొబ్బ. అక్కడి సిస్టర్ నన్ను తిట్టను కూడా తిట్టలేదు, "ఆమెకి వేడి తెలీదమ్మా, పిడి ఉన్న కప్పులు కింద అరలో ఉన్నాయి, నిన్ననే చెప్పాల్సింది నేను" అని గాజుగుడ్డ కోసం లోపలికెళ్లింది. తిట్టినా బాగుండేది అనిపించింది.

నాకు అప్పటిదాకా తెలియని సంగతి ఇదే. కుష్ఠు నరాల్ని కొడుతుంది. మందు ఫ్రీ, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో మింగితే రోగం పోతుంది, ఇంకొకరికి అంటదు. కానీ ఆలస్యమైతే పోయిన స్పర్శ తిరిగి రాదు. ఆ ఆశ్రమంలో ఉన్న పెద్దవాళ్లంతా ఎప్పుడో తగ్గిపోయినవాళ్లే, మా బ్యాచ్‌లో ఇద్దరేమో వాళ్ల చేయి తాకగానే వాళ్ల ముందే శానిటైజర్ రాసుకున్నారు, అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండోరోజు సిస్టర్ ఎవరైనా కాళ్ల పనికి వస్తారా అని అడిగితే ఆరుగురం వెళ్లాం, మిగతావాళ్లు స్కిట్ ప్రాక్టీస్. పనేంటంటే టబ్బులో మామూలు నీళ్లు పోసి కాళ్లు 20 నిమిషాలు నానబెట్టాలి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా రుద్దాలి, తడి ఉండగానే కొబ్బరినూనె పట్టించి అరికాలంతా వేలితో తడిమి చూడాలి. ఒక తాత మడమలో తుమ్మముల్లు దొరికింది, సగం లోపలే విరిగి ఉంది, ఎన్ని రోజులుగా దానిమీద నడుస్తున్నాడో ఆయనకే తెలీదు. చూడకపోతే అదే పుండై ఎముకదాకా పోతుందట. వాళ్ల చెప్పులు కూడా వేరే, లోపల మెత్తటి రబ్బరు, మేకులుండవు. ఇదంతా రోజూ చెయ్యాలి, అక్కడేమో చేతులు తక్కువ.

మా అమ్మమ్మ వాళ్లది డిచ్‌పల్లి వైపు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ పెట్టిన కుష్ఠు ఆస్పత్రి ఉందే, 1915లో మొదలైంది, కట్టడానికి డబ్బిచ్చింది ఇక్కడి నర్సాగౌడ్. ఆవిడ మిషనరీయే, కానీ వచ్చి ఫొటో దిగి పోలేదు, ఏళ్ల తరబడి ఉండిపోయింది. మనం అలా ఉండలేం సరే, ఉద్యోగాలున్నాయి, ఈఎంఐలున్నాయి. కనీసం వెళ్లినవాళ్లే మళ్లీ మళ్లీ వెళ్లొచ్చు కదా, ప్రతిసారీ కొత్త బ్యాచ్ వస్తే సిస్టర్‌కి వీళ్లకి నేర్పడమే ఒక పని.

ఇంక మీతో చెప్పాల్సింది ఫొటో గురించి. ఆ పెద్దమ్మే నాతో అంది, "మనవరాలికి సంబంధాలు చూస్తున్నరు బిడ్డా, పేపర్ల నా మొకం రావద్దు" అని. అప్పటికే మావాళ్లు ఆమె ఫొటో తీశారు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశారు. ఆమె భయం ఉత్తిది కాదండీ, మొగుడికో పెళ్లానికో కుష్ఠు ఉందని విడాకులు తీసుకోవచ్చు అనే మాట మన చట్టంలోంచి తీసేసింది 2019లో, 1898 నాటి కుష్ఠురోగుల చట్టం రద్దయ్యింది 2016లో, అంటే మొన్న మొన్ననే. కాబట్టి ఇలాంటి ఫొటోలు వచ్చినప్పుడు ఆ మనిషిని అడిగే తీశారా అని మీ డెస్క్ వాళ్లు పంపినవాళ్లని ఒక్క మాట అడగండి, అడగలేదంటే వెయ్యకండి, దుప్పట్లు పంచినోళ్లు కొంచెం ఫీలవుతారు, ఏం కాదు.

ఆ ఆరుగురిలో నలుగురం ఇప్పటికీ వెళ్తున్నాం, గిటార్ లేకుండా. మొన్న ఫోన్ చేస్తే సిస్టర్ చెప్పిన లిస్టు ఇది: గాజుగుడ్డ, దూది, కొబ్బరినూనె, పాత మెత్తటి చీరలు, పిడి ఉన్న ప్లాస్టిక్ కప్పులు ఒక డజను. దుప్పట్లు మాత్రం తేవద్దంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కామారెడ్డి