పసుపు ధర కంటిచూపు మీద ఎన్నాళ్లు? వ్యవసాయ, మార్కెటింగ్ శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ, మార్కెటింగ్ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. మాది కర్నూలు-కడప (కేసీ) కాలువ కింద పసుపు పండించే మైదుకూరు ప్రాంతపు కుటుంబం. నేను కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. కడప మార్కెట్ యార్డులో, పసుపుకు ఆ రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం శాతం తేల్చే ఒక చిన్న ప్రయోగశాల పెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం.

పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి రైతు యార్డుకు తెస్తాడు. కొనే వ్యాపారి రాశిలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీస్తాడు, పుటుక్కున విరుస్తాడు. చప్పుడు వింటాడు, విరిగిన చోట రంగు చూస్తాడు, ధర చెబుతాడు. ఆ పద్ధతిని నేను తీసిపారేయను. బాగా ఆరిన కొమ్ము ఖంగుమని విరుగుతుంది, తేమ ఉన్నది వంగుతుంది. అయితే తేమ తెలిసినంత తేలికగా లోపలి సరుకు తెలియదు.

ఆ సరుకే కర్కుమిన్. 1815లో వోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు దీన్ని పసుపు నుంచి వేరుచేశారు. దీని నిర్మాణం మాత్రం 1910లో గానీ తేలలేదు. అణువులో 21 కార్బన్, 20 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. రెండు కొసల్లో రెండు బెంజీన్ వలయాలు, వాటిని కలుపుతూ ఏడు కార్బన్ల గొలుసు. ఆ గొలుసులోని ద్విబంధాల అమరిక వల్ల ఇది 425 నానోమీటర్ల దగ్గర నీలికాంతిని పీల్చుకుంటుంది, మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. నీళ్లలో దాదాపు కరగదు. నూనెలో, ఆల్కహాల్‌లో కరుగుతుంది. క్షారం తగిలితే ఎర్రబడుతుందని పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అలా ఎర్రబడ్డ కర్కుమిన్ ఎక్కువసేపు నిలవదు, విడిపోతుంది. అందుకే రంగు తేలుతుందని ఉడకబెట్టే నీళ్లలో సున్నమో సోడానో వేసేవారిని మీ అధికారులు వారించాలి. వెలుతురు కూడా దీనికి పడదు. చీర మీద పడిన పసుపు మరక ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం అందరం చూసిందే.

ఎండిన పసుపులో కర్కుమిన్ మామూలుగా 2 నుంచి 5 శాతం ఉంటుంది. కోళికోడ్‌లోని భారతీయ సుగంధద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రతిభ రకంలో 6 శాతం దాటుతుంది. లెక్క వేయండి: 3 శాతం ఉన్న క్వింటాలో 3 కిలోల కర్కుమిన్, 5 శాతం ఉన్న క్వింటాలో 5 కిలోలు. కొమ్ము లావు, పాలిష్ ఒకలా ఉంటే రెండు రాశులకూ ఒకటే ధర. కర్కుమిన్ తీసే కంపెనీలకు శాతమే ముఖ్యం. ఆ లెక్క యార్డు గేటు దాటాక మొదలవుతుంది, రైతు అప్పటికే బస్సెక్కి ఉంటాడు.

పరీక్ష బ్రహ్మవిద్య కాదు. పొడిని ఆల్కహాల్‌లో మరిగించి, వడకట్టి, ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటరులో 425 నానోమీటర్ల దగ్గర చూస్తే శాతం తెలుస్తుంది. ఒక చిక్కు ముందే చెబుతాను. పాలిష్ సమయంలో కొందరు లెడ్ క్రోమేట్ అనే సీసపు పసుపు రంగు పూస్తారు. సీసం పిల్లల మెదడుకు విషం. అది కంటిని మోసం చేస్తుంది గానీ ఆల్కహాల్‌లో కరగదు కాబట్టి యంత్రాన్ని మోసం చేయలేదు. పొడిలో కలిపే మెటానిల్ ఎల్లో అనే కృత్రిమ రంగు అలా కాదు, ఆల్కహాల్‌లో కరిగి కర్కుమిన్ లెక్కలో కలిసిపోతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే గులాబీ రంగు తేలి దాని గుట్టు బయటపడుతుంది. తగాదా వచ్చిన నమూనాలను, కలిసి ఉన్న పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ఉన్న చోటికి పంపవచ్చు. ఒక్క యంత్రం కొని ఫోటో దిగి వెళ్లిపోతే మాత్రం లాభం లేదు.

ఇంకో సంగతి ఆరోగ్య శాఖది. అయినా పసుపు మీద ఏం రాసినా మచ్చ మన రైతుకే అంటుతుంది కాబట్టి మీకే చెబుతున్నాను. మందుల దుకాణాల్లో కర్కుమిన్ మాత్రల డబ్బాల మీద కీళ్లనొప్పుల నుంచి క్యాన్సర్ దాకా అన్నిటి పేర్లూ కనిపిస్తున్నాయి. గాజుపాత్రలోని కణాల మీద వాపును తగ్గించే గుణం చూపినమాట నిజం. ఒంట్లోకి వెళ్లేసరికి కథ మారుతుంది. పేగు సరిగ్గా పీల్చుకోదు, పీల్చుకున్న కాస్తనూ పేగు గోడ, కాలేయం వెంటనే మార్చేస్తాయి. 1998లో బెంగళూరులో 2 గ్రాముల కర్కుమిన్‌కు 20 మిల్లీగ్రాముల పిపెరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, జోడిస్తే రక్తంలోకి చేరడం 20 రెట్లు పెరిగిందని తేలింది. ఆ అధ్యయనాన్ని అమ్మేవాళ్లు విపరీతంగా వాడుకున్నారు. అదే పిపెరిన్ మనం మింగే వేరే మందుల మోతాదునూ తారుమారు చేయగలదని డబ్బా మీద రాయరు. 2017లో అమెరికా రసాయనశాస్త్రవేత్తలు పాత అధ్యయనాలను తిరగేసి, పరీక్షల్లో దొంగ ఫలితాలు ఇచ్చే అణువుల్లో కర్కుమిన్ ఒకటని రాశారు. 2019లో ఇటలీలో పసుపు మాత్రలు వాడినవారిలో కాలేయ వాపు కేసులు బయటపడ్డాయి. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఈ భయం అక్కర్లేదు. పసుపు అమ్మకాలు పెంచాలని మీ శాఖ వేసే కరపత్రాల్లో మాత్రం రోగాలు కుదురుతాయనే మాట రాకుండా చూడండి.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా మొదలైంది. అక్కడి నుంచి ఏదో వస్తుందని కడప కూర్చోవాల్సిన పని లేదు. యోగి వేమన విశ్వవిద్యాలయంలో చదువుకుని పనికోసం చూస్తున్న పిల్లలు ఇక్కడే ఉన్నారు. ప్రతి రాశికీ వేలానికి ముందు నమూనా తీసి, తేమ శాతం, కర్కుమిన్ శాతం రాసిన చీటీ రాశి మీద పెట్టించండి. పరీక్ష ఖర్చు మార్కెట్ సెస్సు నుంచి భరించండి, రైతు అమ్మకపు పట్టీలో కోయవద్దు. వచ్చే జనవరిలో కొత్త పంట రావడం మొదలయ్యేలోపు ఉత్తర్వు ఇస్తే, నమూనా ఎలా తీయాలో కుర్రవాళ్లకు నేర్పడానికి నేను ఉచితంగా వస్తాను.

భవదీయుడు,
విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
మైదుకూరు, కడప జిల్లా