ఎంసీఏ బ్రిడ్జ్ కోర్సు కాగితాలకేనా?

సంపాదకులకు,

డిగ్రీ అయ్యాక దారి మార్చుకోవాలనుకునే బీకామ్, బీఎస్సీ పిల్లలకు ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి కంప్యూటర్ పీజీ అయిన ఎంసీఏలో చేరడం ఎప్పటినుంచో ఉన్న మార్గమే. 2020-21 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఆ కోర్సును మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించింది. ఒక ఏడాది ఫీజు మిగిలింది, సంతోషమే, కానీ మొదట్లో ఓపిగ్గా నేర్పాల్సిన ప్రోగ్రామింగ్ పునాదికి ఇప్పుడు టైమేదీ? మా అబ్బాయి బీకామ్ చదివి చేరాడు, పక్క బెంచీలో డిగ్రీలోనే కంప్యూటర్లు చదివిన బీసీఏ వాళ్లు, అందరికీ ఒకటే పాఠం. కంప్యూటర్లు చదవకుండా వచ్చిన వాళ్లకు బేసిక్స్ నేర్పాల్సిన బ్రిడ్జ్ కోర్సంటే మావాడి కాలేజీలో హాజరు సంతకమే, ఇక టెన్షన్ కాక ఏముంటుంది! ఐసెట్ ఫలితాలకూ క్లాసులకూ మధ్య ఎలాగూ ఖాళీ ఉంటుంది కదా, యూనివర్సిటీలు అప్పుడే ల్యాబులు తెరిచి ఈ కోర్సు నేర్పి పరీక్ష కూడా పెట్టాలి. లేదంటే అవే పాఠాలకు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మళ్లీ ఫీజు కట్టాల్సి వస్తోంది.

- ఒక తండ్రి, నల్గొండ