ఇన్సూరెన్స్ డెస్క్‌లో కూర్చునే ఆవిడకి థాంక్స్

అమ్మ బయోమార్కర్ టెస్ట్‌కి (క్యాన్సర్ ముక్కలో జన్యువుల మార్పులు చూసే పరీక్ష) నిన్న రాత్రి ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చింది. నిద్ర లేకుండా రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

అమ్మది ఊపిరితిత్తుల క్యాన్సర్, అందులో అడినోకార్సినోమా అనే రకం. ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే లాంటి జన్యువుల్లో మార్పులున్నాయేమో అన్నీ ఒకేసారి చూసే టెస్ట్ రాశారు డాక్టర్‌గారు. ఉంటే దానికి తగ్గ మాత్రలు, లేకపోతే వేరే చికిత్స. రిపోర్ట్ రాకముందే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే చికిత్స) ఇచ్చేసి, తర్వాత ఈజీఎఫ్‌ఆర్ మాత్రలు మొదలుపెడితే ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందట. అందుకే ఆగమన్నారు. ఇన్సూరెన్స్ వాళ్లేమో "ప్రయోగ దశలో ఉన్న పరీక్ష" అని ఒక్క ముక్కలో రిజెక్ట్ చేశారు.

ఆ లెటర్ పట్టుకుని ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరికి వెళ్లాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి ఆవిడ అనే అంటాను. లెటర్ చదివి, "ఇది వాళ్లు అందరికీ పంపే లెటరేలే" అన్నారు. మళ్లీ అడిగేటప్పుడు, ఏ కారణంతో కాదన్నారో అదే కారణానికి జవాబు ఉండాలట. రిపోర్ట్‌ని బట్టి మందు ఎలా మారుతుందో డాక్టర్‌గారితో వివరంగా రాయించారు. ఈ మార్పు ఉందని పరీక్షలో తేలాకే వాడాలని మందు సమాచార పత్రంలోనే ఉన్న లైన్‌కి గీత గీసి జతచేశారు. అప్పటికి డ్యూటీ అయిపోయింది, బ్యాగ్ భుజానికి వేసుకునే ఉన్నారు. "ఫైల్ నాకు వదిలేయమ్మా, నువ్వెళ్లి అమ్మ దగ్గర కూర్చో" అన్నారు. అంతే, అక్కడే ఏడ్చేశాను. అప్పటిదాకా ప్రతి కౌంటర్‌లోనూ ఇంకేదో కాగితం తెమ్మన్నవాళ్లే.

ఈజీఎఫ్‌ఆర్ మార్పుకీ మందు పనిచేయడానికీ సంబంధం ఉందని 2004లోనే తేలింది. ఇంకా ప్రయోగమేంటండీ? ఖరీదైన మందుకి డబ్బు కడతారట, ఆ మందు పనికొస్తుందో లేదో చెప్పే టెస్ట్‌కి మాత్రం కట్టరట! ఆవిడ లేనివాళ్ల సంగతేంటి?

అన్నయ్య, వదిన, పిన్ని, మీకు వేరే చెప్పాలా.

రిపోర్ట్‌కి ఇంకా రెండు మూడు వారాలు పట్టొచ్చు.

అయ్యో, పాథాలజీ ల్యాబ్ అన్నను మర్చిపోయాను! బయాప్సీ ముక్క చాలా చిన్నది, ఉన్నదాన్ని వృథా చేయకుండా స్లైడ్లు తీసిపెట్టారు. ఇంకా, రాత్రి ఛార్జర్ ఇచ్చిన పక్క బెడ్ వాళ్లబ్బాయికి, నా షిఫ్టులు చూసుకున్న ఆఫీసు వాళ్లకి కూడా థాంక్స్. ఇంకెవరైనా మిగిలితే కామెంట్‌లో తిట్టండి, కలుపుతాను.