తాళం, పిండి, ఆర్నెల్ల గడువు

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరే రాంబాబూ,

అరండల్‌పేట పిన్నిగారి అద్దింటి పగుళ్లు ఓనరు బాగు చేయించట్లేదని రాశావే, ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి నెల దాటింది, క్షమించరా. అమ్మ మోకాలు కాస్త నయం. పిల్లాడు ఆరో తరగతిలోకొచ్చాడు. ఇక్కడ ఎండలు సరే, నీకు తెలిసినవే. అసలు సంగతికొస్తా, ఆగలేకపోతున్నా.

సింగ్‌నగర్‌లో ఇడ్లీ బండి అక్కకు తాళం తిరిగొచ్చింది!

2024 సెప్టెంబరు బుడమేరు వరదకు ఆ కింది పోర్షను గోడలు నానిపోయాయి. ఇప్పటికీ నడుమెత్తు వరకు చెమ్మ, తెల్లటి ఉప్పు పొర. స్విచ్చి మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. శ్లాబు సంగతి వేరు, అది డాబా లీకు తినేసింది. నీరు దిగి కమ్మీ తుప్పు పడితే లావెక్కుతుంది, ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కర్రతో తట్టి చూస్తే డొల్లగా మోగిన చోటే తర్వాత పడేది. బాగు చేయించమని అడిగిందని ఓనరు అద్దె తీసుకోవడం మానేశాడు. తర్వాత ఒక పొద్దున ఆమె బండి దగ్గరుండగా, ఆమె తాళం మీద ఇంకో తాళం.

పోలీసులు అనే మాట నీకూ తెలుసు, 'సివిల్ మేటరమ్మా'. అయినా రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. అది తేదీకి సాక్ష్యం.

ఓనరు ఏమన్నాడో చూడు: 'పది రోజుల కిందే ఖాళీ చేసిందండీ.' మొత్తం కేసంతా అక్కడే ఆగింది. అద్దె రశీదులు లేవు, అగ్రిమెంటు లేదు. అప్పుడు పక్కింటమ్మాయి కిటికీ ఊచల్లోంచి తీసిన ఫోటో బయటికొచ్చింది. రాత్రి రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి పొంగి, గిన్నె అంచు దాటి నేలంతా పాకింది! పది రోజుల కింద ఖాళీ చేసినావిడ రాత్రి పిండెందుకు రుబ్బుతుందిరా? తేదీ, టైముతో సహా ఫోన్లో ఉంది. ఆ ఫోటో చూడగానే అవతలి లాయరు గారు కాగితాలు సర్దుకున్నారు.

నీ బ్రాడీపేట మెస్సు గొడుగు గుర్తుందా? గొడుగెవరిదన్నది తర్వాత, వానలో ఎవరి చేతిలో ఉందన్నదే ముందు అన్నావు. సరిగ్గా అదే! స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం (1963) సెక్షన్ 6 చెప్పేదీ అదే. చట్టప్రకారం కాకుండా బయటికి గెంటితే, గెంటిన రోజు నుంచి ఆర్నెల్లలోగా దావా వేయాలి. ఇల్లెవరిదన్న ప్రశ్న అక్కడ రాదు, స్వాధీనం ఎవరిదన్నదే. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. ఆర్నెల్లు దాటిందా, ఈ దారి మూసుకున్నట్టే.

చాలామంది ఎక్కడ దెబ్బతింటారంటే, బయట పడ్డాక కూడా వట్టి ఇంజంక్షన్, అంటే జోక్యం చేసుకోవద్దనే కోర్టు ఆర్డరు, అడుగుతారు. అది లోపలున్నవాడికి పనికొచ్చేది. స్వాధీనమే పోయినవాడికి కోర్టు దేన్ని కాపాడుతుంది? ఇంకో మెలిక: ఓనరు ముందే కేవియట్ (నన్ను వినకుండా ఆర్డరివ్వొద్దని కోర్టులో వేసే అర్జీ) వేసుంటే ఆయనకు చెప్పకుండా ఆర్డరు రాదు. అది 90 రోజులుంటుంది, కాబట్టి దావాకు ముందే కోర్టులో వాకబు చేయాలి.

ఇదంతా ఎందుకంటే, మీ అరండల్‌పేట పిన్నిగారి సంగతి రాశావుగా. ఆవిడ చేత ఇప్పుడే చేయించు. గ్యాస్ బుక్కు, కరెంటు బిల్లు, పాల లెక్క, ఫోన్‌పే చెల్లింపులు, అన్నీ ఒక కవరులో పెట్టి ఇంటి బయట, మీ దగ్గర ఉంచాలి. తాళం పడితే లోపలి కాగితాలు ఎవరికీ అందవు. పగుళ్ల పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయించు, ఎంత వెడల్పో తెలుస్తుంది. అద్దె మాత్రం ఒక్క నెలా ఆపొద్దు. ఓనరు తీసుకోనంటే అకౌంటుకు వేయాలి. బాకీ పడితే మన బలమంతా పోతుంది. రిపేరు డబ్బు అద్దెలో కోసుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108లో ఉంది గానీ, అది ఓనరు చేయించి తీరాల్సిన రిపేరు అయితేనే, నోటీసిచ్చి తగినంత కాలం ఆగాకే. అగ్రిమెంటులో ఆ రిపేరు ఓనరుదేనన్న మాట లేకపోతే పిన్నిగారు తొందరపడొద్దు.

నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు అందులోనే కలిసిపోయింది. డెలివరీ అయిన రుజువు దాచాలి. ఆవిడ ఆడమనిషి, ఆదాయంతో పనిలేకుండా లాయరు ఉచితం. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు.

ఇక్కడ అక్కకూ ఓనరుకూ కుదిరిన రాజీ కూడా నోటిమాట కాదురా, లోక్ అదాలత్ (రాజీలు కుదిర్చే వేదిక) అవార్డుగా రాయించారు. దానికి కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో, సమానమైన బలం. శ్లాబుకు సపోర్టు కర్రలు ఏ తేదీకి, రిపేరు ఏ తేదీకి, అద్దె ఏ అకౌంటుకు, అన్నీ అందులో ఉన్నాయి. తాళం తీసినప్పుడు పులిసిన పిండి వాసన వీధి దాకా కొట్టింది. అక్క ముందు గ్రైండరు చూసుకుంది, తర్వాతే ఏడ్చింది. ఆ మర్నాడు పొద్దున్నే బండి

ఒరే, కరెంటు పోయింది, ఫోన్ వెలుతురులో రాస్తున్నా. పిన్నిగారి కవరు మర్చిపోకు. మిగతాది ఇంకో ఉత్తరంలో.

నీ
శీను