సముద్రంలో సిమెంటు దించేముందు: మత్స్యశాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కాకినాడ దగ్గర పుట్టి, అక్కడే సివిల్ ఇంజినీరింగ్ చదివినదాన్ని. మా మేనమామలు ఇప్పటికీ వేటకు వెళ్తారు. కాకినాడ నుంచి ఉత్తరం అనగానే ఉప్పాడ తీరాన్ని సముద్రం కోసేయడం గురించి ఇంకో అర్జీ అనుకుంటారేమో, అది కాదండీ. కాకినాడ అఖాతం అడుగున ఉన్న బురద గురించి, ఆ బురద మీద అలల జోరు తగ్గించే ఆలిచిప్పల (ఆయిస్టర్ల) గట్టును నిలబెట్టడం గురించి రాస్తున్నాను.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీరంలో కృత్రిమ రీఫ్‌లు, అంటే చేపలు చేరేలా సముద్రం అడుగున పెట్టే సిమెంటు దిమ్మెలు, దించుతున్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్ళ నమూనాలు: కొన్ని త్రికోణం దిమ్మెలు, కొన్ని బావి వరల్లాంటివి, కొన్ని పెద్ద చేపలు దూరి దాక్కునేలా బొక్కలున్నవి. మంచి పనే. రీఫ్ దగ్గర చేప పడుతుందని మా మామయ్యలకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయితే చేపల కోసం వేసే రీఫ్ వేరు, ఆలిచిప్పల కోసం వేసే రీఫ్ వేరు. చేపకు నీడ చాలు, నచ్చకపోతే పక్కకు పోతుంది. ఆలిచిప్పకు ఆ వీలు లేదు. పిల్లగా రెండు మూడు వారాలు నీళ్ళలో తిరుగుతుంది. తర్వాత చిన్న పాదం ఒకటి బయటపెట్టి చోటు తడుముకుని, నచ్చిన గట్టి వస్తువుకు అంటుకుంటుంది. ఇక బతుకంతా అక్కడే. అది అన్నిటికన్నా ఇష్టపడే చోటు తన పెద్దల పాత చిప్ప. ఆ గుల్లల్నేమో మనం తరాల తరబడి సున్నపు బట్టీలకు తోలేశాం.

నా చివరి ఏడాది ప్రాజెక్టు సంగతి చెప్తాను. తూత్తుకుడిలో సీఎంఎఫ్ఆర్ఐ వాళ్ళు ఆలిచిప్పల పెంపకానికి ఇంటి పెంకులకు సున్నం పూసి పిల్లల్ని పట్టేవారు. అది చదివి మేమూ అలాగే పెంకులకు సున్నం పూసి, వెదురు చట్రానికి మూడు వరసల్లో కట్టి, అఖాతంలో కలిసే ఒక పాయ మొగలో దించాం. కింది వరస బురదకు జానెడు పైన, మధ్యది మూరెడు పైన, పైది రెండు మూరలు. రెండున్నర నెలల తర్వాత పాటు నీళ్ళలో వెళ్ళి చూస్తే చట్రం ఒక పక్కకు ఒరిగి ఉంది. రెండు కాళ్ళు జానెడు లోతుకు దిగిపోయాయి. కింది పెంకుల మీద వెన్నలాంటి బురద. వేలితో గీసి చూస్తే దాని కింద రెండు చచ్చిన పిల్లలు. మధ్య వరసలో అక్కడక్కడా ఉన్నాయి. పై వరసలో ఒక్కో పెంకు మీద బొటనవేలి గోరంత పిల్లలు ముప్పై దాకా! అంచులు బ్లేడులా ఉంటాయి, నా వేలు తెగింది కూడా.

జాన పైన చావు, రెండు మూరల పైన బతుకు. మేం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు లెండి. అమెరికా నార్త్ కరోలినాలోని న్యూస్ నదీముఖంలో హంటర్ లెనిహన్ అనే శాస్త్రవేత్త రకరకాల ఎత్తుల్లో ఆలిచిప్పల రీఫ్‌లు కట్టి చూసి, 1999లో ఫలితాలు ప్రచురించారు. ఎత్తు పెరిగితే నీటి పారుదల పెరుగుతుంది, పూడిక తగ్గుతుంది, మేత బాగా అందుతుంది. అందుకే ఎత్తయిన రీఫ్ మీద ఆలిచిప్పలు బాగా పెరిగాయి. ఆ తేడా నాకు ఆ పెంకుల మీద కళ్ళారా కనిపించింది.

అసలు చిక్కు ఆ ఎత్తును నిలబెట్టడంలో ఉంది. కాకినాడ మెరైన్ క్లే (సముద్రపు బంకమట్టి) గురించి జేఎన్టీయూ కాకినాడలో ఎన్నో ఏళ్ళుగా పరిశోధన సాగుతోంది. తడిస్తే ఉబ్బే, బరువు పెడితే నెలల తరబడి కుంగుతూ పోయే మట్టి అది. దాని మీద టన్ను దిమ్మె పెడితే మా వెదురు చట్రంలాగే దిగుతుంది. దిగకపోయినా అంచుల్లో కోత పడుతుంది. ఒడ్డున నిలబడితే అల వెనక్కి పోయేటప్పుడు పాదాల చుట్టూ ఇసుక జారిపోతుంది కదండీ, నీళ్ళ కింద దిమ్మెకూ జరిగేది అదే. కాబట్టి అడుగు ఎంత వెడల్పుండాలి, కింద జియోటెక్స్‌టైల్ (మట్టి జారిపోకుండా పరిచే గట్టి గుడ్డ) పరవాలా, వెదురు తడకలు చాలా, దిమ్మెలో ఖాళీలు ఎంతెంత ఉంటే నీళ్ళు పారి పూడిక పడదు, వీటన్నిటికీ ముందు ట్యాంకులో, తర్వాత అఖాతంలో పరీక్షలు కావాలి. ఒకచోట పనికొచ్చిన డ్రాయింగు తెచ్చి ఇక్కడ అచ్చుపోస్తే కుదరదు.

ఇది డబ్బున్న దేశాల ముచ్చట అనుకోకండి. వాళ్ళు చేస్తున్న మాట నిజమే. 2012లో శాండీ తుపాను దెబ్బ తిన్న న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లో దాదాపు 2,400 అడుగుల రాతి అడ్డుకట్టలు కట్టి, వాటి సందుల్లో సముద్రజీవులకు చోటు వదిలారు. 2024లో ఆ పని పూర్తయింది. అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పా 2022లో 'రీఫెన్స్' అనే కార్యక్రమం మొదలుపెట్టి, అలల్ని ఆపే ఆలిచిప్పల కట్టడాల పని రట్గర్స్ యూనివర్సిటీకి అప్పజెప్పింది. మిలిటరీ వాళ్ళకు ఆలిచిప్పలతో పనేమిటని మొదట నేనూ నవ్వుకున్నాను. సిమెంటు ఏటికేడాది అరుగుతుంది, ఆలిచిప్పల గట్టు ఏటికేడాది పెరుగుతుంది. వాళ్ళ లెక్క అది.

నేను మీ ముందు పెట్టదలచినది మాత్రం బంగ్లాదేశ్ ఉదాహరణ. కాక్స్ బజార్ దగ్గరి కుతుబ్దియా దీవిలో నెదర్లాండ్స్ పరిశోధకులతో కలిసి, పోటుపాట్ల మధ్య తేలి మునిగే బురద నేల మీద మామూలు కాంక్రీటు వరలు వరసగా పెట్టారు. మన ఊళ్ళో బావులకు దింపే వరల్లాంటివే. వాటికి ఆలిచిప్పలు పట్టాయి. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు అలల జోరు తగ్గింది. వరల వెనక మట్టి మేట వేసింది, గడ్డి సముద్రం వైపు జరిగింది. అదీ మన బంగాళాఖాతమే, అదీ బురదే, ఖర్చు కూడా మన పంచాయతీలు భరించగలిగే తరహాదే.

ఇప్పుడు ఒక నిజం కూడా చెప్పాలి. ఇది ఉప్పాడకు మందు కాదు. అక్కడ ఏ అడ్డూ లేని సముద్రం. ఇసుక నింపిన పెద్ద సంచుల (జియోట్యూబుల) గోడే నిలవలేదు, గోరంత పిల్లలేం నిలుస్తాయి? పెద్ద తుపానులో ఉప్పెన వచ్చి నీళ్ళు రీఫ్ మీద నిలువెత్తున నిలిచినప్పుడు కూడా దీనివల్ల పెద్ద ప్రయోజనం ఉండదు. నేనడిగేది అఖాతానికి అడ్డంగా ఉన్న హోప్ ఐలాండ్ దీవి చాటున ఉన్న లోపలి అంచుల గురించి, పాయల గట్ల గురించి.

ఆ ప్రాజెక్టు తర్వాత పని కొనసాగిద్దామని ఒక ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి పెద్దమనిషి ఫైలు తిరగేసి, "దీనివల్ల ఎన్ని టన్నుల చేప పెరుగుతుందమ్మా?" అని అడిగారు. మా దగ్గర టన్నుల లెక్క లేదు. పెంకుల లెక్కే ఉంది. ఫైలు అక్కడితో ఆగిపోయింది. ఆయన్ని తప్పుపట్టను, ఆయనకిచ్చిన ఫారంలో అదొక్క గడే ఉంది. ఆ గడి మార్చగలిగింది మీరు.

కాబట్టి ఒక ఎకరం ఇప్పించండి చాలు. మూడేళ్ళు గడువివ్వండి. జేఎన్టీయూలో మట్టి తెలిసినవాళ్ళున్నారు, విశాఖ సీఎంఎఫ్ఆర్ఐలో చిప్ప తెలిసినవాళ్ళున్నారు, చెన్నై ఐఐటీలో అలల ట్యాంకు ఉంది. వీళ్ళు ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చునేలా జీవో ఇవ్వండి. నాలుగో కుర్చీ వేటగాళ్ళది. వల ఎక్కడ చిక్కుకుంటుందో, ఆగస్టులో గోదావరి ఎర్రనీరు ఏ పాయలోకి ముందు దూరుతుందో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. వాళ్ళనడక్కుండా దిమ్మెలు దించితే రేపు చిరిగిన వలల పంచాయితీ మీ దగ్గరికే వస్తుంది. ఏ దిమ్మె ఎంత కుంగిందో, ఏది పూడిపోయిందో, ఎన్ని పిల్లలు చచ్చాయో కూడా తెలుగులో అందరికీ కనపడేలా పెట్టండి. కుంగిన దిమ్మె లెక్క దాచిపెడితే పక్క జిల్లాలో మళ్ళీ అదే దిమ్మె పోస్తారు.

పై వరస పెంకు ఒకటి ఇంకా మా ఇంట్లో ఉంది. మా అమ్మ దాన్ని తులసికోట పక్కన పెట్టింది. మీరు కాకినాడ వచ్చినప్పుడు పది నిమిషాలు టైమిస్తే తెచ్చి చూపిస్తాను. అంచులు ఇప్పటికీ పదునుగానే ఉన్నాయి, పట్టుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త.

ఇట్లు,
కాకినాడ అఖాతం ఒడ్డున పెరిగిన ఒక సివిల్ ఇంజినీరు