పాత తుపాకుల్లో మార్చిన భాగాల వివరం రాసిపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

మా కర్నూలు ప్రాంతంలో పాత ఇళ్ల గోడలకు వేలాడే తుపాకులకైనా, అప్పుడప్పుడు ప్రదర్శనల్లో పెట్టే వాటికైనా ‘నవాబు కాలం నాటిది’ అన్న చీటీ ఉంటుందే తప్ప, అందులో ఏ భాగం అసలుదో, ఏది తర్వాత అమర్చినదో ఎక్కడా రాసి ఉండదు. నలభై ఏళ్లు లేతు మీద పనిచేసిన నాకు ఇది చిన్న లోపంగా తోచడం లేదు.

ఇటీవల ఒక పరిచయస్తుల ఇంట్లో అలాంటి తుపాకిని దగ్గరగా చూశాను. దానికి క్యాపును, అంటే దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందు అంటించే చిన్న లోహపు టోపీని, కొట్టే సుత్తి ఉంది. కానీ లాకు (మందు అంటించే యంత్రాంగం) పలకను నూనె గుడ్డతో తుడవగానే, ఇనుముతో పూడ్చి ఆకురాయితో సమం చేసిన రెండు రంధ్రాల గుండ్రటి ఆనవాళ్లు బయటపడ్డాయి. చెకుముకి రాయి దెబ్బ తినే ఉక్కు రేకునూ, దాని స్ప్రింగునూ ఒకప్పుడు పట్టి ఉంచిన స్క్రూల చోట్లవి. అంటే అది చెకుముకి తుపాకిగా పుట్టి, తర్వాత క్యాపు తుపాకిగా మారింది. పేలుడు రసాయనంతో మందు అంటించే పద్ధతికి ఫోర్సైత్ అనే స్కాట్లాండ్ పాద్రి 1807లో పేటెంటు పొందినా, బ్రిటిష్ సైన్యం క్యాపు తుపాకులకు మళ్లింది 1840 ప్రాంతంలోనే. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు పోగుచేశారని ఈస్టిండియా కంపెనీ ఆయనను పట్టుకున్నది 1839లో. గొట్టం నవాబు కాలానిది కావచ్చు గాని, ఆ సుత్తిని చూసి ఆ మాట అనలేం.

అటువంటి పాత మార్పు ఆ ఆయుధం చరిత్రలో భాగమే, దాన్ని చెరపకూడదు. నన్ను బాధించింది ట్రిగ్గర్. దాని స్క్రూ మరచుట్లు నేటి మిల్లీమీటరు కొలత గేజికి సరిగ్గా కుదిరాయి. 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లాండ్ ఇంజినీరు మరచుట్లకు ఒకే కొలత ప్రతిపాదించేదాకా ఏ పనిశాల చుట్లు ఆ పనిశాలవే. పైన నల్లరంగు పూసినా అడుగున గ్రైండర్ గీతలు ఒకే వాలుగా కనిపిస్తున్నాయి, కట్టెలో పాత ట్రిగ్గర్‌కు తొలిచిన గాడి ఈ కొత్తదానికి వదులుగా ఉంది. అమ్మినవారు మాత్రం అన్నీ అసలు భాగాలేనని చెప్పారట.

ఇది ధరకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. మరమ్మతు చేసినా పేల్చడానికి పనికిరాని పాతకాలపు ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తున్నది. కొత్త భాగం వేసి దాన్ని పేలే స్థితికి తెస్తే ఆ మినహాయింపు వర్తించదు, ఇంటివారు తెలియకుండానే చిక్కుల్లో పడతారు.

కాబట్టి ప్రదర్శన నిర్వాహకులు ప్రతి తుపాకి చీటీలో గొట్టం, లాకు, సుత్తి, కట్టె, స్క్రూల వివరం విడివిడిగా రాయించాలనీ, సొంతదారులు ఆకురాయి గాని పాలిష్ గాని తాకించకముందే లాకు పలక రెండు వైపులా ఫొటోలు తీసి, ఊడిన పాత భాగాన్ని, అది తుప్పు పట్టిన స్క్రూ అయినా సరే, సంచిలో కట్టి ఆ తుపాకితోనే ఉంచాలనీ మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత లేతు కార్మికుడు,
కర్నూలు